మందు పడని గట్టువార

మినుము చేను పండిందో లేదో మాణిక్యాలరావుకి ఒకరు చెప్పాల్సిన పని లేదు. అయినా బుధవారం సాయంత్రం కృపమ్మ వాకిట్లోకి వచ్చి "చేనెప్పుడు పీకుదామండీ?" అని అడిగితే, అరుగు మీద కూర్చుని గడ్డం గోక్కుంటూ, "ఇంకా పచ్చిగానే ఉందమ్మా. సోమవారం తెల్లారకట్ట మీ జట్టుని తీసుకుని రా," అన్నాడు.

శుద్ధ అబద్ధం. ఆ పొద్దున్నే పక్కూరి మనిషి చేత చేనంతా గడ్డిమందు కొట్టించి వచ్చాడు. ఖాళీ డబ్బా ఇంకా అరుగు కిందే ఉంది. మందు కొడితే నాలుగు రోజుల్లో ఆకు మాడి, చేను కోత మిషనుకి అనువుగా ఎండుతుంది. మిషను ఆదివారానికి మాట్లాడేశాడు. ఆదివారమే ఎందుకంటే, ఏటా ఆ చేను పీకే కృపమ్మా, ఆమె జట్టులో తొమ్మిదిమంది ఆడవాళ్ళూ ఆ పూట చర్చిలో ఉంటారు. మొహమొహాలు చూసుకోనక్కర్లేదు. ఐనవిల్లి చుట్టుపక్కల ఇంత తెలివైన రైతు మరొకడు ఉండడు.

పాపం, అతని భయం అతనిది. ఫోను చూస్తే మబ్బు బొమ్మే కనిపిస్తోంది. చేత్తో పీకితే నాలుగు రోజులు, మిషనుకి ఒక్క పూట. కిందటేడు కుప్ప వేసిన రోజునే వాన దంచేసింది. ఆ వానలో కృపమ్మ తన ఇంటి కప్పు మీదున్న టార్పాలిన్ లాక్కొచ్చి అతని కుప్ప మీద కప్పింది. గింజ దక్కింది. ఆమె ఇల్లు కారి బియ్యం, దుప్పట్లు తడిసిపోయాయి. ఆ టార్పాలిన్ గుర్తొచ్చినప్పుడల్లా టీవీ సౌండు పెంచేవాడు.

ఇంకో సంగతి కూడా ఉంది. మందు పడిన కాయ ఇంట్లోకి వాడుకోవద్దని మందు అమ్మిన కొట్టువాడు చెప్పాడు. అందుకని పడమటి గట్టువార బారెడు వెడల్పున మందు కొట్టించకుండా ఉంచుకున్నాడు. మనవలు గారెలు తినాలి కదా! మిగతాది మిల్లుకి పోతుంది. అది తినేవాళ్ళెవరో అతనికి కనపడరు.

ఆ ఆదివారం మట్టల ఆదివారం, చర్చివాళ్ళు మట్టలు పట్టుకుని ఊరేగే పండగ. ముందురోజు కృపమ్మ కూతురు జాయ్, ఐదో నెల కడుపుతో, ఆయాసపడుతూ వచ్చి మట్టలడిగితే, తన చెట్లవే లేత కొబ్బరి మట్టలు కోయించి ఇచ్చాడు. ఇచ్చాక మనసు కాస్త తేలికపడింది కూడా. అయితే రోడ్డంతా పైపుల కోసం తవ్వేశారని ఊరేగింపు ఈసారి అతని చేను పక్క పుంతదారికి మళ్ళింది. మిషను చేను మధ్యలో దుమ్ము లేపుతుంటే, అతనిచ్చిన మట్టలే పట్టుకుని, కృపమ్మా వాళ్ళూ పాడుకుంటూ వచ్చారు. పాట ఆగలేదు. ఎవరూ తల తిప్పలేదు. మాణిక్యాలరావు, అరవై ఏళ్ళ మనిషి, మిషను చాటుకి వెళ్ళి నక్కాడు.

సోమవారం తెల్లవారుతుండగా చేను చూసుకుందామని వెళితే, తలగుడ్డలు చుట్టుకుని జాయ్‌తో సహా పదిమందీ గట్టు మీద నిలబడి ఉన్నారు.

"ఇదేవిటమ్మా?"

"సోమవారం రమ్మన్నారు కదండీ," అంది కృపమ్మ.

అతను చేనుకేసి చూశాడు. మిషనుకి అందని కింది కాయలూ, రాలిన కాయలూ చేనంతా పడి ఉన్నాయి. ఆ ఊళ్ళో కోతయ్యాక మిగిలే పరిగె కూలివాళ్ళది. ఎవరూ అడగరు, ఎవరూ ఇవ్వరు, ఏరుకుంటారంతే.

"పరిగె ఏరుకోమంటారాండీ?" అంది కృపమ్మ.

నలభై ఏళ్ళలో ఆమె అడగడం అదే మొదలు. ఆ సిగ్గులో, "ఆయ్, ఏరుకోండమ్మా, ఏరుకోండి," అనేశాడు.

ఆడవాళ్ళు చేలోకి దిగి వంగారు. కృపమ్మ మాత్రం అతన్నే చూస్తూ నిలబడింది. మందు సంగతి చెప్పాలి. చెబితే, బుధవారం నాడు ఎదురుగా కూర్చుని ఆమెకి అబద్ధం చెప్పినట్టు తేలిపోతుంది. నాలుగు గింజలు తింటే ఏమవుతుందిలే అనుకున్నాడు. అలా అనుకోగలిగినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. జాయ్ ఓ చేత్తో నడుం పట్టుకుని వంగుతోంది.

"ఆగండి! ముట్టుకోకండి! మందు కొట్టించేనమ్మా. బుధవారమే కొట్టించేను. నీకు అబద్ధం చెప్పేను."

అందరూ లేచి నిలబడ్డారు. జాయ్ ఒడి విప్పి దులిపింది. మిగతావాళ్ళూ దులిపారు. ఒక్క కాయ కూడా రాలలేదు.

"బుధవారం మీ అరుగు దగ్గరే వాసన కొట్టిందండి," అంది కృపమ్మ. "మీ నోటితో మీరు చెబుతారేమోనని వచ్చేం. అడిగితే ముందు ఆయ్, ఏరుకోండనేశారు."

అతనికి ఏడుపొచ్చినంత పనైంది. "ఆ గట్టువారది మందు పడలేదు. అదంతా మీరే తీసుకోండమ్మా."

"కనపడుతూనే ఉందండి, పచ్చగా. మనవలకని ఉంచుకున్నారు. పిల్లల నోటి దగ్గరది మాకెందుకండీ?"

పదిమందీ వరసగా వంగి ఆ కాస్త చేనూ పీకి, మట్టి దులిపి, ఏటా వేసినట్టే పొందిగ్గా కుప్ప వేశారు. "వెళ్ళొస్తామండీ," అని చెప్పి మరీ వెళ్ళారు.

కుప్ప చుట్టూ కాయలు రాలి ఉన్నాయి. అవి మందు పడని కాయలు. ఆ సంగతి కృపమ్మకీ తెలుసు. అయినా ఒక్కటి కూడా ఎవరూ ఏరలేదు.

మాణిక్యాలరావు వంగి తనే ఏరడం మొదలుపెట్టాడు. ఎవరికివ్వాలో అతనికి తెలియలేదు.