ఆగిన చోటి నుంచి

పాడైంది ఎంబ్రాయిడరీ మెషీన్ కాదు, దానికి డిజైన్లు అందించే ముసలి కంప్యూటర్. అయినా ఆ తల్లికి రెండూ ఒకటే. జేబుల మీద గుర్తు కుట్టాల్సిన బడి పిల్లల కోట్లు అరవై, గది మూల గుట్టగా పడి ఉన్నాయి. సోమవారానికి అందకపోతే బడివాళ్లు మరో దర్జీని చూసుకుంటారు. ఇక తన మొహం చూసేవాళ్లే ఉండరని అప్పుడే ఖాయం చేసేసుకుంది.

కొత్త కంప్యూటర్లకి ఆ మెషీన్ వెడల్పాటి ప్లగ్గు పెట్టే చోటే లేదు. మోటార్ల రిపేరు షెడ్డులో పనిచేసే కూతురు పాతదానికే వేరే డిస్కు బిగించి, కంప్యూటర్‌ని నడిపే సిస్టమ్, ఊరికే దొరికేది ఒకటి ఎక్కించింది. ఎక్కడమైతే ఎక్కింది గానీ, ఉన్న కాస్త మెమరీ అదే మింగేసి డిజైన్‌కి చోటు లేకుండా చేసింది.

"దీన్ని మన కొలతకి మనమే తయారుచేసుకోవాలమ్మా," అంది కూతురు. "ఈ సిస్టమ్ రాసినవాళ్లు లోపలి రాతంతా అందరికీ బయటపెట్టారు. అక్కర్లేనివి కత్తిరించుకోవచ్చు."

"ఊరికే ఎందుకిస్తారే? ఎక్కడో మెలిక ఉంటుంది."

"పక్కింటి పిన్నికి కత్తిరింపు నేర్పావే, ఏం మెలిక పెట్టావు?"

తల్లి కంప్యూటర్ పక్కనే ముక్కాలిపీట వేసుకు కూర్చుంది. కూతురు సిస్టమ్ చేసే పనుల పొడుగాటి జాబితా తెరిచి పాటలు, కెమెరా, ఇంటర్నెట్ ఒక్కొక్కటీ కొట్టేస్తోంది.

"అన్నీ తీసెయ్యకే, రేపు అవసరమైతే?"

"నీ మాట వింటే ఇది మళ్లీ ఏనుగై కూర్చుంటుంది."

మిగిలిన వేల ఫైళ్లనీ ఒక్కొక్కటిగా కంప్యూటర్ తనకి అర్థమయ్యే రూపంలోకి మార్చుకోవాలి. కంపైల్ అంటారట దాన్ని. కొత్త యంత్రాలకి గంట పని, దీనికి రెండు రోజులు. గురువారం పొద్దున్న మొదలైంది. తెర మీద వరసలు పాకుతుంటే తల్లి అరగంటకోసారి వచ్చి పెట్టె మీద చెయ్యి వేసి చూసేది, జ్వరం వచ్చిన పిల్లని చూసినట్టు.

శుక్రవారం మధ్యాహ్నం కూతురు షెడ్డులో ఉంది. దారం అయిపోయిందని తల్లి బజారుకి బయలుదేరింది. పొయ్యి చూసుకుంది, కిటికీ గడియ లాగింది, ఇరవై ఏళ్లుగా చేస్తున్నట్టే గుమ్మం దగ్గర మెయిన్ స్విచ్ దించి తాళం వేసింది. వీధి మలుపు తిరిగాక గాని కంప్యూటర్ నడుస్తోందని గుర్తు రాలేదు. వెనక్కి పరుగెత్తి స్విచ్ ఎత్తింది. తెర నల్లగా ఉంది. ముట్టుకోవడానికి ధైర్యం చాలలేదు.

కూతురు వచ్చేసరికి కోట్ల గుట్ట పక్కన కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

"చంపేశానే! ఒకటిన్నర రోజు పని, నా చేతులతో నేనే చంపేశాను!"

కూతురి మొహం ఒక్క క్షణం పాలిపోయింది. వెంటనే కంప్యూటర్ ఆన్ చేసింది. డిస్కు అంతా సరిచూసుకోవడానికి అది పావుగంట తీసుకుంది. తర్వాత కూతురు ఫైళ్ల వరస చివరికి వెళ్లి, కరెంటు పోయినప్పుడు సగంలో ఆగినదాన్ని ఒక్కదాన్నే చెరిపి, నిన్నటి ఆజ్ఞే మళ్లీ కొట్టింది. పాత వరసలేవీ తెర మీదకి రాలేదు. తిన్నగా కొత్త ఫైలు దగ్గర మొదలైంది.

"మొదటి నుంచి చెయ్యదూ?"

"ఎందుకు చేస్తుంది? పూర్తయినవాటి జోలికి పోదు. కోటుకి కుడి చెయ్యి కుట్టాక కరెంటు పోతే, వచ్చాక దాన్ని విప్పి మళ్లీ కుడతావా?"

తల్లి కళ్లు తుడుచుకుంది. మొహం ఎరగని తనలాంటి పరధ్యానపు మనుషుల కోసం ఎవరో ముందే ఆలోచించి ఈ ఏర్పాటు చేసిపెట్టారు. "ఎవరో గాని, బుద్ధిమంతులే," అంది.

"నీలాంటి అమ్మ ఉండి ఉంటుంది వాళ్లకీ."

"ఊరుకో!"

శనివారం మధ్యాహ్నానికి కొత్త సిస్టమ్ లేచింది. బొమ్మల్లేవు, రంగుల్లేవు, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలే. మెమరీలో సగానికి పైగా ఖాళీ. కూతురు డిజైన్ పంపమని ఒక్క వాక్యం కొట్టింది. సూది కదల్లేదు. తల్లి లేచి సూది దగ్గరికి వంగింది. డిజైనంతా అందేదాకా మెషీన్ కాసేపు ఆలోచించుకుంది. ఆ తర్వాత సూది టకటకమంటూ మొదటి కోటు జేబు మీద దిగింది.

తల్లి రెండో కోటు తీసి మడతలు సరిచేసింది. "వేడెక్కుతోందేమో చూడవే," అంటూనే ఫ్రేములో బిగించడం మొదలుపెట్టింది.