భార్య వృత్తి

కిటికీ పైభాగాన ఒకసారి, నడిమిన ఒకసారి, అడుగున ఒకసారి టేపు పట్టాడు. మూడుచోట్లా మూడు కొలతలు వచ్చాయి. ఏ కిటికీ అయినా అంతే. చూడటానికి తిన్నగానే ఉంటుంది, టేపు పెడితే వంకర బయటపడుతుంది. చెవి మీది పెన్సిలు తీసి మూడింటిలో పెద్దది రాసుకున్నాడు. కుచ్చుల కోసం వెడల్పును రెట్టింపు చేశాడు. పొడవులో అంచు మడతకని ఆరు అంగుళాలు కలిపాడు.

పరదాల దుకాణం తరఫున ఇళ్ళకు వెళ్ళి కొలతలు తీయడం అతని పని. పొట్టి మనిషి. నిచ్చెన ఎక్కీ ఎక్కీ పంట్లాం మోకాళ్ళ దగ్గర పల్చబడిపోయింది. ఇరవై రెండేళ్ళలో ఒక్క కొలతా తప్పలేదని దుకాణంలో అందరూ అతన్ని ‘అంగుళం’ అంటారు. అతను కొలిచిన పరదాలను ఇంట్లో అతని భార్య కుడుతుంది. అదీ ఇరవై రెండేళ్ళుగానే. ఆమెకు మాత్రం ఎవరూ ఏ పేరూ పెట్టలేదు.

ఆ ఇంటివాళ్ళు కొత్తగా కాపురం పెట్టినవాళ్ళు. అడ్వాన్సు కట్టే దగ్గర ఇద్దరికీ చర్చ మొదలైంది.

“నీ క్రెడిట్ కార్డుతో కట్టు,” అంది ఆ అమ్మాయి.

“నాది పెట్రోలుకీ టిక్కెట్లకీ కదా. ఇంటి సామానుకి నీదే లాభం. నూటికి ఐదు వెనక్కొస్తాయి.”

“సోఫా నా దాని మీదే, ఫ్రిజ్జు నా దాని మీదే. నీ కార్డు మాత్రం కొత్త పెళ్ళికొడుకులా జేబులోంచి బయటికే రాదు.”

భర్త నవ్వి అంగుళం వైపు తిరిగాడు. “పెళ్ళైన వారానికే కూర్చుని పంచుకున్నామండీ, ఎవరికి ఏ కార్డు మంచిదో. తగువులన్నీ ఆ రోజుతోనే తీరిపోయాయి.”

“తీరాయి, తీరాయి,” అంది ఆమె పర్సు తెరుస్తూ. “మీ ఇంట్లో ఎవరిది ఏ కార్డు అంకుల్?”

“మాకు ఒకటేనమ్మా.”

“మరి ఆంటీకి?”

“ఆవిడకీ అదే. ఆవిడ పేరుతో ఇంకోటి ఇచ్చారు, అదనపు కార్డని.”

“అంటే మీదే,” అంది ఆ అమ్మాయి మామూలుగా. కార్డు అతని చేతిలోని యంత్రానికి తాకించింది.

గోడగడియారంలో పదకొండుకు ఇరవై నిమిషాలు తక్కువ. పదకొండింటికి తన భార్య బ్యాంకుకు వెళ్తుంది. వెళ్ళి తన పేరున ఒక కార్డు అడుగుతుంది. అక్కడ ఏం జరుగుతుందో ఈ లోకంలో అతనికొక్కడికే తెలుసు.

మూడేళ్ళ కిందట బ్యాంకు మనిషి దుకాణానికి వచ్చింది, చేతిలో దరఖాస్తులతో. రెండు రకాల కార్డులు ఉన్నాయంది. ఏడాది ఆదాయం ఒక గీత దాటితే బంగారు రంగుది, దాటకపోతే నీలం రంగుది. అంగుళం కొలతల కూలీ, భార్య కుట్టుకూలీ రెండూ ఒకే బిల్లు మీద అతని పేరునే వస్తాయి. మొదటి రోజు పరదాల మూట మోసుకొచ్చింది అతనే, డబ్బు పుచ్చుకున్నదీ అతనే. ఆ తర్వాత ఎవరూ మార్చలేదు. రెండూ కలిపితే గీత దాటింది. విడదీస్తే దాటదు.

“మేడంగారు ఏదైనా పని చేస్తుంటే విడిగా రాయండి సార్,” అంది బ్యాంకు మనిషి. “ఇద్దరికీ రెండు నీలం కార్డులిస్తాను. ఒకటి ఇంటి సామానుకి, ఒకటి మందులకి. ఆలుమగలకు అదే మంచి బేరం.”

అది నిజంగానే మంచి బేరం. బేరం తెలిసినవాడు గనుక అతనికీ అది అర్థమైంది. కానీ బంగారు రంగు కార్డుంటే రైల్వే స్టేషన్‌లో మెత్తటి కుర్చీల గదిలోకి రానిస్తారట. ఇళ్ళలోకి వెళ్ళి మెత్తటి కుర్చీల పక్కన నిలబడి కిటికీలు కొలిచే మనిషికి ఆ మాట ఎక్కడో తగిలింది. ‘భార్య వృత్తి’ అన్న గడిలో ‘లేదు’ అని రాశాడు.

“ఆవిడకేముందండీ, ఇంట్లోనే ఉంటుంది,” అన్నాడు పైగా.

ఆ మాట అన్నప్పుడు ఆమె పది అడుగుల దూరంలోనే ఉంది. బట్టల తానుల వెనక కింద కూర్చుని ఇత్తడి రింగులు లెక్కపెట్టుకుంటోంది. విన్నదో లేదో అతనికి తెలియదు. మూడేళ్ళుగా తెలుసుకోవాలనీ లేదు, తెలియకుండా నిద్రా పట్టదు.

మెత్తటి కుర్చీల గదికి ఒక్కసారే వెళ్ళాడు. ఆమె అక్కగారి ఊరు వెళ్తున్నప్పుడు. అదనపు కార్డుకు ప్రవేశం లేదన్నాడు కాపలా మనిషి. “మీరు వెళ్ళి రండి, నేనిక్కడ సామాను చూసుకుంటా,” అంది ఆమె. అతను లోపల నలభై నిమిషాలు కూర్చుని రెండు కప్పుల టీ తాగాడు. ఆమె ప్లాట్‌ఫారం బల్ల మీద రెండు సంచుల మధ్య కూర్చుంది. బయటికి వచ్చాక “ఎలా ఉంది లోపల?” అని అడిగింది. “ఏముంది, చల్లగా ఉంది,” అన్నాడు. ఆ కార్డు వల్ల వాళ్ళ సంసారానికి వచ్చిన లాభం మొత్తం ఆ రెండు కప్పుల టీ.

ఇప్పుడు ఆమెకు కరెంటు మిషను కావాలి. పెడలు తొక్కి తొక్కి కుడి మోకాలు వాచిపోతోంది. కార్డున్నవాళ్ళకు పన్నెండు వాయిదాల్లో, వడ్డీ లేకుండా ఇస్తున్నారని ఎవరో చెప్పారు. “నా కార్డు మీద తీసుకో,” అన్నాడు. “వద్దండీ. నా మిషను, నా పేరున ఉంటే నేనే కట్టుకుంటాను,” అంది. ఈ ఉదయం ఆమె అద్దం ముందు జడ వేసుకుంటుంటే వెనక నిలబడి నోరు తెరిచాడు కూడా. చివరికి వచ్చిన మాట, “ఎండగా ఉంది, గొడుగు తీసుకెళ్ళు.”

మధ్యాహ్నం దుకాణంలో ఉదయపు కొలతలు అప్పజెప్పాడు. షావుకారు కళ్ళజోడు పైకి నెట్టుకుని చీటీ రెండుసార్లు చూశాడు.

“ఏవయ్యా, హాలు కిటికీ, పడకగది కిటికీ రెండూ ఒకే వెడల్పా?”

అంగుళం చీటీ అందుకుని చూశాడు. ఒకే అంకె రెండుచోట్లా రాసేశాడు.

“అంగుళమే అంగుళాలు తప్పితే ఇక మేమెవరి కాళ్ళు పట్టుకోవాలి?” అన్నాడు షావుకారు. లెక్కలు రాసే ముసలాయన పకపకా నవ్వాడు. “ఎండదెబ్బ తగిలుంటుంది, మజ్జిగ తాగించండి.”

అంగుళం నవ్వలేదు. బల్ల అంచు పట్టుకుని అన్నాడు, “ఒక కాగితం కావాలండీ. మా ఆవిడ ఇరవై రెండేళ్ళుగా మన దుకాణానికి కుడుతోందని, ఏడాదికి ఇంత వస్తుందని. మీ ముద్రతో.”

“ఎందుకూ?”

“బ్యాంకుకి.”

షావుకారు కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయన చెడ్డవాడు కాదు. కానీ కాగితం అంటే ఏమిటో తెలిసినవాడు. “ఇన్నేళ్ళూ బిల్లు నీ పేరునే రాయించావు గదా. ఇవాళ ఆవిడ పేరున ఒక్క ముక్క రాసిచ్చానంటే, మరి ఇన్నాళ్ళూ ఎందుకు చూపలేదని పన్నువాళ్ళు నా పీక మీద కూర్చుంటారు. అప్పుడే అడిగుంటే రెండు బిల్లులు రాసేవాణ్ణి. నాకేం పోయింది?”

“నిజమేనండీ,” అన్నాడు అంగుళం. అప్పుడే అడిగుంటే ఎవరికీ ఏమీ పోయేది కాదు. అదే అతనికి మింగుడు పడలేదు. పెద్ద లాభానికి ఆశపడి తప్పు చేసినా ఒక దారి. ఇది దారిన పోతూ పోతూ చేసిన పని.

సాయంత్రం ఐదున్నరకు ఇంటికి చేరాడు. తలుపు తీసే ఉంది. ఆమె మంచం మీద కూర్చుని చీరలు మడతపెడుతోంది. పక్కన సంచి తెరిచి ఉంది. మిషను పక్కన మధ్యాహ్నం కుట్టాల్సిన పరదా బట్ట కట్ట విప్పనే లేదు.

“వెళ్ళావా?” అన్నాడు చెప్పులు విడుస్తూ.

“వెళ్ళాను. అక్కడి అమ్మాయి మంచిది. ‘మీరేం చేస్తుంటారండీ’ అంది. పరదాలు కుడతానన్నాను. ‘ఇక్కడ ఏమీ లేదని ఉందే’ అని తెర నా వైపు తిప్పింది. మీ చేతిరాతేనండీ. ఆ కాగితం ఫొటో తీసి పెట్టుకున్నారు.”

“అది... ఆ కార్డు కోసం...”

“తెలుసు. ఆ రోజు విన్నానుగా, రింగులు లెక్కపెడుతూ.”

అతను గోడకు ఆనుకున్నాడు. “విన్నావా? మరి ఇన్నాళ్ళూ ఒక్క మాట అనలేదేం?”

“బేరం కోసం అన్నారనుకున్నా. బేరంలో మీరు వంద మాటలంటారు.” ఇంకో చీర తీసుకుంది. “ఇవాళ రాసి ఉండగా చూశాను. చూశాక లేవబుద్ధి కాలేదు. ఆ అమ్మాయి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. అక్కడే మీ అదనపు కార్డు కూడా ఇచ్చేశాను, రద్దు చెయ్యమని.”

“నేను రాసింది తప్పే,” అన్నాడు. మూడేళ్ళుగా గొంతులో ఉన్న మాట, తీరా బయటికి వచ్చాక ఎంత చిన్నదో చూసి అతనికే సిగ్గేసింది. “షావుకారుని కాగితం అడిగాను.”

“ఇచ్చాడా?”

“ఇవ్వనన్నాడు.”

“ఇవ్వడు లెండి. ఆయన్నని ఏం లాభం?”

సంచి జిప్పు లాగింది. అప్పుడు చెప్పింది. ఊరి అవతల ఆసుపత్రులకు దుప్పట్లు కుట్టే కార్ఖానా ఉంది. అక్కడి మేస్త్రమ్మ ఇదివరకే రెండుసార్లు రమ్మంది. రెండుసార్లూ ‘ఇంట్లో పని ఎవరు చూస్తారు’ అన్నది అంగుళమే. నెలనెలా ఆమె పేరున జీతం చీటీ ఇస్తారు. ఆడవాళ్ళుండటానికి అక్కడే గదులున్నాయి. పొద్దున్న ఆరింటికల్లా మిషను ముందుండాలి. ఆరు నెలల చీటీలు తెస్తే కార్డిస్తామంది బ్యాంకు అమ్మాయి.

“రెండు రకాలు చూపించింది. ఏది తీసుకోవాలో అప్పుడు నేనే చూసుకుంటాను.”

“ఆరు నెలలయ్యాక వస్తావుగా?”

ఆమె చెప్పులు వేసుకుంది. “ముందు ఆరు చీటీలు రానివ్వండి.”

సంచి అతనే మోశాడు. బస్‌స్టాపులో ఇద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు, మధ్యలో సంచి. వీధిలో ఇంకా వెలుతురు ఉంది. ఎదురుగా చెప్పుల కొట్టువాడు బోర్డు తుడుచుకుంటున్నాడు. ఏదో ఒకటి అనాలని అతనికి ఉంది. అనడానికి ఎంతో ఉంది గానీ, దేనికీ ముద్ర లేదు.

“గ్యాసు బండ ఎల్లుండి వస్తుంది,” అంది ఆమె. “ఖాళీది బయట పెట్టండి. లేకపోతే తలుపు కొట్టి వెళ్ళిపోతాడు.”

“పెడతాను.”

“మిషను పక్కనున్న పరదా బట్ట మీరు కుట్టబోకండి, పాడు చేస్తారు. పక్కవీధి ఆవిడకివ్వండి. బిల్లు ఆవిడ పేరునే రాయించండి.”

“అలాగే.”

బస్సు వచ్చింది. కండక్టరు “తొందరగా అమ్మా” అంటుంటే ఆమె కుడికాలు పెట్టబోయి, నొప్పి గుర్తొచ్చి ఎడమకాలు పెట్టి ఎక్కింది. టిక్కెట్టుకు కొంగు ముడి విప్పి చిల్లర తీయడం కిటికీలోంచి కనిపించింది. తన జేబులో చెయ్యి పెట్టేసరికి బస్సు కదిలింది.

ఇంటికి వచ్చి దీపం వేశాడు. గదిలో అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. చాలాసేపు నిలబడి, మిషను ముందున్న ఆమె పీట మీద కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో అక్కడ కూర్చోవడం ఇదే మొదలు. పొట్టివాడైన అతనికే పీట ఎత్తు చాలలేదు, పెడలు మరీ దగ్గరైంది, కుడిచెయ్యి వెలుతురుకు అడ్డం వచ్చింది. కొలతలు తీసే మనిషి గనుక ఇవన్నీ వెంటనే తెలిశాయి.

కొత్త పని మొదలుపెట్టే ముందు దారం బిగువు చూసుకోవడానికి పాత గుడ్డముక్క మీద నాలుగు కుట్లు వేసి చూడటం కుట్టేవాళ్ళ అలవాటు. బ్యాంకుకు వెళ్ళబోయే ముందు ఆమె ఆ పని చేసినట్టుంది. మిషను పాదం కింద అరచేయంత తెల్లగుడ్డ, దాని మీద తిన్నగా సగం దూరం నడిచిన నీలిదారపు కుట్టు, కుట్టు ఆగిన చోట గుడ్డలోకి దిగి అలాగే నిలిచిపోయిన సూది.