రిజిస్టర్లో వెండెల్ హాస్కెట్

నగరసభ గుమాస్తా ఫోన్ చేసి, "ఇంజెక్షన్ రూము మీద మంగళవారం సభ, మీ రిజిస్టర్ పట్టుకురండి" అన్నాడు. బయట వాన, లోపల ఇద్దరి పోట్లాట. ఆ రెంటి మధ్యా నా చెవికి "ఇన్‌స్పెక్షన్" అని వినబడింది. ఇంకేముంది, తనిఖీ అనుకుని మూడు రోజులు నేల తోమాం, అద్దాలు తుడిచాం, కుర్చీల కింద అంటించిన చూయింగ్ గమ్ కూడా గోకాం. రిజిస్టర్ మాత్రం ఒక్కరూ తిరగేయలేదు. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటాను. తర్వాత జరిగిందంతా నా నెత్తిన రుద్దుతామంటే మాత్రం కుదరదు.

మాది వాంకూవర్ తూర్పు వీధుల్లో సూదుల గది. మత్తు మానలేనివాళ్లు తమ సరుకు తామే తెచ్చుకుని, సందులో పడి చావకుండా, నర్సు కళ్లెదుట శుభ్రమైన సూదితో ఎక్కించుకుంటారు. ఊపిరి ఆగిపోతే విరుగుడు మందు, ఆక్సిజన్ సిద్ధంగా ఉంటాయి. తలుపు దగ్గర బల్ల నాది. ఎవరినీ అసలు పేరు అడగం. తోచిన పేరొకటి చెప్పాలి, ఎప్పుడొచ్చినా అదే చెప్పాలి. అంచేత మా రిజిస్టర్లో 'కెప్టెన్ పాన్‌కేక్', 'మా అత్తగారు', 'రేపు మానేస్తా' లాంటి పెద్దమనుషులే ఉంటారు. ఏ పేరు ఎవరిదో బయటపెట్టకూడదు. ఉద్యోగంలో చేరిన రోజే నాచేత సంతకం పెట్టించుకున్నారు.

గది గడువు ఆ నెలాఖరుకి ముగుస్తుంది. ఐదేళ్లు పొడిగించమని మేం అడిగితే, సభ గడువు వదిలేసి గొడవను పొడిగించింది. సూది మీద మూడు గంటల సోది! సభ్యులు తొమ్మిదిమంది. నలుగురు అటు, నలుగురు ఇటు. తొమ్మిదో ఆవిడ అధ్యక్షురాలు మార్గరెట్ లమ్. ఆవిడ ఎటూ తేల్చకుండా కళ్లజోడు తుడుచుకుంటోంది.

మూయించాలని పట్టుబట్టింది మా ఎదురు కొట్టు వెండెల్ హాస్కెట్. బూట్లు కుడతాడు, తాళంచెవులు కోస్తాడు. వర్తకుల సంఘానికి ఆయనే అధ్యక్షుడు. ఆయన తాళం వేస్తే సంఘమంతా భజన చేస్తుంది. ఊరందరి మడమలూ తిప్పి తిప్పి కుడతాడు గానీ, తన మడమ మాత్రం తిప్పడు.

"నా గుమ్మంలో సూదులు దొరికాయి. ఒకటి కాదు, పదకొండు!" అన్నాడు హాస్కెట్.

"గది మూస్తే పదకొండు నూటపది అవుతాయి వెండెల్," అంది మా పెద్దనర్సు లోర్నా.

"తాగుబోతు గ్లాసు పట్టుకోడానికి నర్సుని పెట్టినట్టుంది మీ వ్యవహారం! మాన్పించండమ్మా, మాన్పించండి. నేనేమన్నా వద్దన్నానా?"

"మాన్పించాలంటే ముందు మనిషి మిగలాలి కదయ్యా. శవాన్ని ఏ ఆస్పత్రి మాన్పిస్తుంది?"

ఇదే ప్రశ్న, ఇదే జవాబు, ఎనిమిదేళ్లుగా. ఇద్దరిలో ఎవరికైనా జలుబు చేస్తే ఆ వేషం నేను కట్టగలను.

"ప్రాణాలు కాపాడాం, కాపాడాం అంటారు. ఎవరివండీ?" హాస్కెట్ బల్ల గుద్దాడు. "ఆ రిజిస్టర్ చదవండి. అందరూ వింటారు!"

లోర్నా విసుగ్గా చెయ్యి ఊపింది. "చదువుకోండి. అన్నీ దొంగపేర్లే."

అప్పుడు వెలిగింది నాకు. లేవబోయాను. "కూర్చోండి బార్నీ, మీ వంతు అయిపోయింది," అంది అధ్యక్షురాలు.

గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. "ఫిబ్రవరి పద్నాలుగు. కెప్టెన్ పాన్‌కేక్. ఊపిరి ఆగింది. రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది."

హాలు గొల్లుమంది.

"మార్చి తొమ్మిది. వెండెల్ హాస్కెట్. ఊపిరి ఆగింది. నాలుగు నిమిషాల..." గుమాస్తా అక్కడే ఆగి, రిజిస్టర్ని కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు.

రెండో వరసలోంచి హాస్కెట్ భార్య ఐరీన్ లేచింది.

"వెండెల్! మార్చి తొమ్మిదిన పళ్ల డాక్టరు దగ్గరికెళ్లానన్నావు!"

"వెళ్లానే! పన్ను చూడు, ఇదిగో!"

"మే ఇరవై రెండు," గుమాస్తా ఆపలేకపోయాడు. "వెండెల్ హాస్కెట్. ఊపిరి ఆగింది. పెదవులు నీలంగా మారాయి. ఆగస్టు మూడు. వెండెల్ హాస్కెట్..."

"ఇది కుట్ర!" అని అరిచాడు హాస్కెట్. బూట్లు కుట్టేవాడి నోట ఆ మాట విని ఎవరో కిసుక్కుమన్నారు. "బార్నీ! రాసింది నువ్వే కదా! చెప్పు, ఎవడు వాడు?"

"చెప్పకూడదండీ."

"లోర్నా!"

"చెప్పలేను వెండెల్."

చూశారా నా ఖర్మ! ఒక్క ముక్క చెబితే సభ చల్లారిపోతుంది. చెబితే రేపట్నించి మా బల్ల దగ్గర ఎవడూ నోరు విప్పడు, లోపలికే రాడు. పత్రికావిలేఖరి అప్పటికే ఫోన్ పట్టుకుని బయటికి పరిగెత్తాడు. వెనక వరసలో గార్త్ తల దించుకుని కూర్చున్నాడు. పొద్దున్నే మా వీధి ఊడ్చేది గార్త్. అతనికి జీతమిచ్చేది వర్తకుల సంఘం. మాట్లాడితే చీపురు పోతుంది. మాట్లాడకపోతే గది పోతుంది. నేను అటు చూడకూడదని పైకప్పు చూస్తూ కూర్చున్నాను.

"నేనేనండీ," అన్నాడు గార్త్.

అందరూ వెనక్కి తిరిగారు.

"ఏంటి నువ్వే?" అన్నాడు హాస్కెట్.

"వెండెల్ హాస్కెట్ నేనే. అంటే మీరు కాదు. ఆ పుస్తకంలో ఉన్నది."

హాస్కెట్ అతని బూట్ల వైపు చూశాడు. "మార్చి తొమ్మిదిన నువ్వు నా కొట్టుకొచ్చావు. మడమ ఊడిందని."

"పడ్డప్పుడు ఊడిందండీ. తిట్టారు, కానీ కుట్టారు."

"నాలుగు నిమిషాలా?"

"లోర్నాగారు అలాగే చెప్పారు. నాకు తెలీదు."

"నా పేరుతో చావడానికి నీకెంత ధైర్యంరా!"

"చావలేదు కదండీ. అదే కదా ఇక్కడి గొడవంతా."

హాస్కెట్ కూలబడ్డాడు, మళ్లీ లేచాడు. మొహం బీట్‌రూట్ రంగు. "రేపు పొద్దున్నే వెళ్లి ఆ పేరు మార్చుకో!"

"నెలాఖరులోగా అయితే మార్చుకుంటానండీ. ఆ తర్వాత ఎక్కడ మార్చుకోను?"

హాస్కెట్ అధ్యక్షురాలి వైపు తిరిగాడు. "నాకు ఆ గదంటే ఇప్పటికీ ఒళ్లుమంట. రాసుకోండి. సూదులు నా గుమ్మంలో పడితే రోజూ వచ్చి అరుస్తాను, అదీ రాసుకోండి. కానీ... ఒక ఏడాది ఇవ్వండి. ఐదు కాదు, ఒకటి! వీధి ఎవరు ఊడుస్తారు మరి?"

మార్గరెట్ లమ్ కళ్లజోడు పెట్టుకుంది. ఏడాదికి చేతులెత్తమంది. నాలుగు లేచాయి. అయిదోది ఆవిడదే.

లోర్నా నా భుజం మీద వాలి కళ్లు తుడుచుకుంది. ఐరీన్ మాత్రం ఇంకా నిలబడే ఉంది. "నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మా ఆయన పేరు ఎందుకు పెట్టుకున్నాడు?"

బయటికి పరిగెత్తిన విలేఖరిని లాక్కొచ్చారు. గార్త్ ముందు మైకు పెట్టారు. "అందరికీ వినబడేలా చెప్పు నాయనా," అంది అధ్యక్షురాలు.

"మొదటిసారి వచ్చిన రోజండీ, వాన," అన్నాడు గార్త్. "బార్నీగారు పేరేంటన్నారు. నాకేమీ తోచలేదు. కిటికీలోంచి చూశాను. వీధిలో కొట్లన్నీ మూసేసి ఉన్నాయి. ఒక్క బోర్డు కింద మాత్రం దీపం వెలుగుతోంది. ఆ బోర్డు మీదున్న పేరే చదివేశానండీ."