గ్యాస్ లేదన్న దీపం

నేను ఒక దీపాన్ని. అయితే చీకటి పోగొట్టడానికి పుట్టిన దీపాన్ని కాను. నా వెలుగులో పుస్తకం చదవబోతే కళ్లు పోతాయి తప్ప అక్షరం కనబడదు. నన్ను చేసింది చెడు కబురు ముందుగా చెప్పడానికి. పనిలో ఉన్నంత కాలం ఒక్కసారి కూడా నేను అబద్ధం చెప్పలేదు. ఆగస్టు నెలలో ఒక ఆదివారం నాడు ఒక వంటింట్లో కూడా చెప్పలేదు. అడిగినచోట నిజమే చెప్పాను. అడగాల్సినచోట నన్ను అడగలేదు, అంతే. ఆ కాస్త తేడాకు ఇద్దరు పిల్లలు, ఇద్దరు ముసలివాళ్లు చావు వైపు ఎంత దూరం పోయి వెనక్కి వచ్చారో తలుచుకుంటే ఇత్తడి ఒళ్లు గనక సరిపోయింది, లేకపోతే నాకు ఈపాటికి చెమటలు పట్టేవి.

నా అడుగు భాగం ఇత్తడి. అందులో నూనె, వత్తి. దాని మీద దళసరి గాజు. గాజు పైన సన్నని తీగలతో అల్లిన రెండు ఇనుప జల్లెడలు, ఒకదానిలో ఒకటి. ఆ జల్లెడలే నా ప్రాణం. గాలి లోపలికి వస్తుంది, మంట మాత్రం బయటికి పోదు. నన్ను చేసిన కార్ఖానాలో ఒక ముసలి మేస్త్రీ జల్లెడను వెలుతురుకు అడ్డంపెట్టి కన్నం కన్నం వెతికేవాడు. ఒక్క తీగ పక్కకు జరిగినా ఆ దీపాన్ని పారేసేవాడు. నాతో పుట్టిన ఏడు దీపాలు అలా పోయాయి. అప్పుడు ఆయన చాదస్తానికి నవ్వుకున్నాను. చిన్నతనం.

గోదావరి ఒడ్డున ఉన్న బొగ్గు ఊరికి నన్ను పంపారు. అక్కడ గట్టయ్య అనే సర్దార్ చేతిలో పడ్డాను. గనిలో సర్దార్ అంటే గద్దె మీద కూర్చునే దొర కాదు. కూలీలందరికంటే ముందు లోపలికి పోయి గాలి చూసి, 'ఇక రండి' అని చెప్పే మనిషి. అంటే చావు ఉంటే మొదట పలకరించేది అతన్నే. గనిలో పుట్టే మండే గ్యాస్ గాలికంటే తేలిక, పోయి పైకప్పుకు అంటుకుని ఉంటుంది. అందుకని సర్దార్ వత్తి బాగా తగ్గించి, నన్ను మెల్లగా కప్పుదాకా ఎత్తుతాడు. గ్యాస్ ఉంటే నా మంట నెత్తిన పలచటి నీలి టోపీ లేస్తుంది. టోపీ ఎంత పొడుగో ప్రమాదం అంత దగ్గర. టోపీ లేకపోతే 'గ్యాస్ లేదు' అని పుస్తకంలో రాసి సంతకం పెడతాడు. ఆ రెండు మాటలు నమ్మి వందమంది లోపలికి నడిచిపోతారు. మనుషులు పెళ్లి సంబంధానికి పది ఊళ్లు తిరిగి విచారిస్తారు గానీ, ఇలాంటి చోట రెండు మాటలతో సరిపెట్టుకుంటారు.

గట్టయ్య తరువాత ఆయన దగ్గరే పని నేర్చిన జక్కుల ఓదెలు నా యజమాని అయ్యాడు. ఇరవై ఎనిమిది ఏళ్లు ఆ చేతిలో ఉన్నాను. మంచి చెయ్యి. తొందరపడదు, వణకదు. ఓదెలు 'గ్యాస్ లేదు' అన్నచోట ఒక్కనాడూ ఒక్క మనిషికి వెంట్రుక కాలలేదు. ఆ పేరు అతనికి ఒంటబట్టింది. ఇంట్లోనూ అతని మాటే చివరి మాట. కూర ఉప్పగా ఉందా లేదా అన్నది కూడా తిన్నవాళ్లు కాదు, ఓదెలే తేల్చాలి.

తరువాత గనిలోకి బొత్తాలున్న మీటర్లు వచ్చాయి. మేము ముసలివాళ్లమైపోయాం. ఓదెలు రిటైరైన రోజు శాలువా కప్పి, నన్ను తళతళలాడేలా తోమి, అతని చేతిలో పెట్టారు. పనిముట్టును బహుమతిగా ఇచ్చారంటే దాని పని అయిపోయిందని మర్యాదగా చెప్పడమే. మనిషికి శాలువా కప్పినా అర్థం అదే. ఓదెలు కట్టుకున్న చిన్న ఇంట్లో ముందు గదిలో టీవీ పైన అరలో నాకు చోటు దొరికింది. వెనక వంటిల్లు, మధ్యలో గడప. వంటింటి నేల ముందు గదికంటే జానెడు ఎత్తు.

ఓదెలు కూతురు స్వరూప హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తుంది. ఆమె పిల్లలు ఇద్దరు. హవీష్‌కు పదేళ్లు, మనస్వికి ఆరు. సెలవులొస్తే వాళ్లను అత్తగారి దగ్గరే దింపేది. ఇక్కడికి తెచ్చినా పొద్దున వచ్చి సాయంత్రం తీసుకుపోయేది. రెండేళ్లుగా ఓదెలు అడుగుతూనే ఉన్నాడు, ఒక్కసారి మా దగ్గర వదిలిపెట్టు అని. ఆ ఏడు ఆగస్టులో రెండో శనివారం, ఆదివారం, సోమవారం జెండా పండుగ కలిసివచ్చాయి. అత్తగారు తీర్థయాత్రకు పోయింది. స్వరూపకు వేరే దారి లేకపోయింది.

"జాగ్రత్త బాపూ. అమ్మకు మోకాళ్ల నొప్పులు, నీకేమో ఒంట్లో మంచిగ లేదు," అంది గుమ్మంలో నిలబడి.

"నూరు మందిని లోపలికి పంపి నూరు మందిని బయటికి తెచ్చినోన్ని. ఇద్దరు పిల్లలను సూసుకోనా?" అన్నాడు ఓదెలు.

ఆ మూడు రోజులు గండం లేకుండా గడిస్తే మళ్లీ పిల్లలు వస్తారు. గడవకపోతే ఇక రారు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఓదెలుకు మరీ తెలుసు.

ఒక్క సంగతి మాత్రం అతను కూతురికి చెప్పలేదు. కిందటేడు కరోనా వచ్చి పోతూ పోతూ అతని ముక్కును పట్టుకుపోయింది. పాలు మాడినా తెలియదు, సాంబ్రాణి వేసినా తెలియదు. అడిగితే జలుబు అంటాడు. సంవత్సరం పొడుగునా ఉండే జలుబు ఏమిటో అతనికే తెలియాలి. భార్య మధునమ్మకు తెలుసు, కానీ ఆమె ఎదురు చెప్పే మనిషి కాదు.

శనివారం పిల్లలు వానలో గెంతారు. వద్దని మధునమ్మ అంటే, గెంతనీ అని ఓదెలు అన్నాడు. ఆదివారానికి పిల్లలిద్దరి ముక్కులూ దిబ్బడేశాయి. అలా ఆ ఇంట్లో ఆ రోజు పనిచేస్తున్న ముక్కు ఒకే ఒక్కటి. అది మధునమ్మది.

పొద్దుటి నుంచి ముసురు. జల్లు కొడుతోందని కిటికీలు, తలుపులు మూశారు. పిల్లలు సర్వపిండి కావాలన్నారు. మధునమ్మ పిండి కలుపుతూ ఆగిపోయింది.

"ఏందయ్యా, గ్యాస్ వాసన వస్తలేదా?"

"ఏం వస్తలేదు."

"నాకైతే వస్తున్నది. ఒకసారి సూడరాదు."

"వానకు మోరీ వాసన గావచ్చు."

కాసేపటికి మళ్లీ అడిగింది. మళ్లీ అదే జవాబు. మూడోసారి ఆమె చెయ్యి కడుక్కుని వచ్చి అతని ముందు నిలబడింది. అప్పుడు ఓదెలుకు పౌరుషం వచ్చింది. గ్యాస్ ఉందో లేదో ఓదెలుకు ఇంకొకరు చెప్పడమా! లేచి నన్ను అరలోంచి దించాడు. నాలుగేళ్ల తరువాత ఆ చెయ్యి నన్ను పట్టింది. నేను మురిసిపోయాను. ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది.

బయట వరండాలో కూర్చుని నూనె పోశాడు, వత్తి కత్తిరించాడు, వెలిగించాడు. పిల్లలిద్దరూ చెరోపక్క. నీలి టోపీ గురించి వాళ్లకు కథలా చెప్పాడు. తరువాత నన్ను పట్టుకుని తలుపు తోసి లోపలికి వచ్చాడు.

"అయ్యో, వెలిగిచ్చిన దీపం లోపలికి తెస్తున్నవా!" అంది మధునమ్మ.

"దీనికి జల్లెడున్నది. ఇది అంటియ్యదు."

వంటింటి మధ్యలో నిలబడి నన్ను ఎత్తసాగాడు. అతని మోకాళ్ల దగ్గర నాకు ఏదో తగిలింది. గనిలో నాకు తెలిసిన గ్యాస్ కాదు. బరువుగా, బద్ధకంగా నేలను పట్టుకుని పాకుతోంది. నా మంట ఒక్కసారి ఉలికిపడింది. ఓదెలు కళ్లు అప్పటికే పైకప్పు మీద ఉన్నాయి. నలభై ఏళ్ల అలవాటు. గ్యాస్ అంటే పైనే. వంటగ్యాస్ గాలికంటే బరువని, అది కిందికి దిగుతుందని అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాడు కాదేమో. నన్ను కప్పుకింద పెట్టి, పద్ధతి ప్రకారం, భుజం లాగుతున్నా దించకుండా చూశాడు. అక్కడ గాలి శుభ్రంగా ఉంది. నా మంట బుద్ధిగా, పచ్చగా నిలబడింది. నిలబడకూడదని ఎంత అనుకున్నా నిలబడింది. ఉన్నది చూపించడమే తప్ప అరవడం నాకు రాదు.

"గ్యాస్ లేదు," అన్నాడు ఓదెలు, పుస్తకంలో రాస్తున్నట్టే. "ఇగ పొయ్యి ముట్టియ్యి."

అతను ముందు గదిలోకి వచ్చాడు. నాకివ్వు, నాకివ్వు అని మనస్వి చేతులు చాపింది. రెండు చేతులా పట్టుకొమ్మని ఇచ్చి, అతను కుర్చీలో కూర్చున్నాడు. వంటింట్లో పెనం చప్పుడైంది.

"నేను గూడ గ్యాస్ చూస్తా తాతా," అంది ఆ పిల్ల. నన్ను తల మీదికి ఎత్తబోయింది. నా బరువుకు చేతులు ఆగలేదు. "నాకు పైన అందదు. నేను కిందనే చూస్తా."

గడప దగ్గర గొంతుక్కూచుని నన్ను నేలకు ఆనించింది.

ఎత్తు మీదున్న వంటింట్లో నుంచి గడప దాటి ఆ గ్యాస్ కిందికి దిగుతోంది. టోపీ లేచింది. లేచి, సాగి, గాజంతా నీలంగా నిండిపోయింది. నా జీవితంలో అంత పెద్ద టోపీ గనిలో కూడా ఎత్తలేదు. జల్లెడ వేడెక్కసాగింది. ఒక నిజం చెబుతాను వినండి. జల్లెడ చల్లగా ఉన్నంతవరకే నేను కాపలాదారును. అది ఎర్రబడితే నేనూ అగ్గిపుల్లనే. ఆరేళ్ల పిల్ల రెండు చేతుల మధ్య నేను అగ్గిపుల్లగా మారుతున్నాను.

"తాతా, టోపీ ఒచ్చింది! పే...ద్దగున్నది!"

"ఊకె అంటున్నవ్," అని నవ్వుతూ తల తిప్పాడు ఓదెలు. ఆ నవ్వు అలాగే ముఖం మీద ఉండిపోయింది.

ఇంకెవరైనా అయితే ఒక్క దూకు దూకి నన్ను లాక్కునేవాళ్లు. అలా లాగితే మంట జల్లెడ దాటుతుంది. అంతటితో సరి. ఓదెలు దూకలేదు. కుర్చీలోంచి మోకాళ్ల మీదికి దిగి, మెల్లగా పాకుతూ వచ్చాడు.

"బిడ్డా, కదలకు. ఊపకు. గట్లనే ఉండు."

పిల్ల వేళ్ల మీద తన వేళ్లు పెట్టాడు. ఒక్కొక్క వేలూ విడదీసి నన్ను తీసుకున్నాడు. "హవీష్, చెల్లెను పట్టుకొని బయటికి పో. ఏ స్విచ్చూ ముట్టకు." నన్ను అంగుళం అంగుళం వరండావైపు తీసుకుపోతూ వంటింటివైపు కేక వేశాడు. "మధునా, పొయ్యి ముట్టియ్యకు!" వంటింటి రేకుల మీద వాన దబదబా కొడుతోంది. ఆ కేక ఆమెకు చేరిందో లేదో తెలియదు. మళ్లీ అరిచాడు. పరుగెత్తి పోయి ఆమెను ఆపాలి. కానీ చేతిలో నేను ఉన్నాను. నాతో పరుగెత్తకూడదు. ఆ పది అడుగులు అతను ఎలా నడిచాడో నేను చెప్పలేను. 'గ్యాస్ లేదు' అన్నది అతనే. 'ముట్టియ్యి' అన్నదీ అతనే.

వరండాలో నా మంట మామూలు రంగుకు వచ్చింది. నన్ను ఆర్పి వానలో పెట్టి వెనక్కి తిరిగాడు. తలుపులో మధునమ్మ నిలబడి ఉంది. చేతిలో లైటర్.

"నేను ముట్టియ్యలే," అంది. "నువ్వు ముట్టియ్యమన్నవ్. పొయ్యి ముంగట నిలబడ్డ. చెయ్యి రాలే. వాసన పోలేదు గదా."

ఓదెలు మెట్టు మీద కూలబడ్డాడు. వాన మీద పడుతున్నా లేవలేదు. ఆమే లోపలికి పోయి సిలిండర్ కట్టేసి, కిటికీలన్నీ తెరిచి వచ్చింది. రబ్బరు గొట్టం మీద ఎలుక పళ్ల గాట్లు రెండు తరువాత కనిపించాయి. నలభై ఏళ్ల కాపురంలో మధునమ్మ ఓదెలు మాట కాదన్నది ఆ ఒక్కసారే. అది కూడా పైకి అనలేదు, ఊరికే చెయ్యి కదపలేదు.

"ఇన్నేండ్లు దీపం మాట ఇన్నవ్. నా మాట ఒక్కపూట ఇనవైతివి," అంది చివరికి. కోపంగా కూడా అనలేదు.

సాయంత్రం స్వరూప ఫోన్ చేసింది. పిల్లలు మంచిగున్నరా బాపూ అని అడిగింది. ఉన్నారని చెప్పి ఊరుకోవచ్చు. మధునమ్మ కూడా అలాగే చెప్పమని సైగ చేసింది. ఓదెలు అలా చెప్పలేదు.

"తప్పు సూసిన బిడ్డా," అన్నాడు. "నేను పైన సూసిన. అది కింద ఉన్నది. నాకు వాసన తెలుస్తలేదు. సంవత్సరం నుంచి తెలుస్తలేదు."

సోమవారం పొద్దున్నే స్వరూప వచ్చి పిల్లలను తీసుకుపోయింది. ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని ఓదెలు ముఖం చూస్తే నాకనిపించింది. తరువాత వినాయక చవితి సెలవు వచ్చింది, పోయింది. దసరా సెలవులు వచ్చాయి, పోయాయి. పిల్లల ఫోటోలు ఫోన్‌లో వచ్చేవి. అరలో నేను దుమ్ము పట్టాను. ఓదెలు నావైపు చూడటం మానేశాడు. దానికి నేనేమీ అనుకోను.

డిసెంబరులో మళ్లీ మూడు రోజుల సెలవులు కలిసివచ్చాయి. ముందు వారం ఫోన్ మోగింది.

"బాపూ, పిల్లలు ఒస్తమని ఏడుస్తున్నరు. పంపనా?"

పెదవి దాకా వచ్చిన మాట ఓదెలు మింగేశాడు. ఎంత కష్టంగా మింగాడో చూశాను. "మీ అమ్మనడుగు," అని ఫోన్ మధునమ్మ చేతికి ఇచ్చాడు.

ఆమె ఫోన్ చెవికి ఆనించుకునే వంటింట్లోకి పోయింది. పొయ్యి గట్టు పట్టుకుని, నొప్పి మోకాళ్లు ఒక్కొక్కటే వంచి, నేల మీదికి వంగింది. ముఖం నేలకు ఆనించి సిలిండర్ పక్కన, గడప పక్కన, మూల మూలనా వాసన చూసింది. ఓదెలు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అవతల స్వరూప కూడా ఫోన్ పట్టుకుని ఊరికే వేచి ఉంది.

"ఇయ్యాల్లయితే ఏం లేదు," అంది మధునమ్మ నేల మీద నుంచే. "నువ్వు పంపేనాడు పొద్దుగాల మళ్ల సూసి చెప్త. అప్పుడు బయలెల్లుండ్రి."