అరువు గొంతు

కాలువ గట్టు మళ్ళీ జారింది. పొద్దుటి నుంచి తవ్వి పోసిన మట్టంతా తిరిగి కాలువలోకే వచ్చి కూర్చుంది. గాస్పర్ మోకాళ్ళ దాకా బురదలో దిగబడి పారను గుంజాడు. కర్ర చేతికొచ్చింది, ఇనుము లోపలే ఉండిపోయింది.

"ఏం గాస్పర్, నాటకంలో కత్తి కూడా ఇలాగే ఊడేదా?" అన్నాడు పక్కనున్న సెల్మాన్ తాత.

"ఆ కత్తి చెక్కది తాతా. అంత నమ్మకంగా పనిచేసింది మళ్ళీ చూడలేదు."

ష్కోదర్ పట్నం నాటకశాలలో గాస్పర్ గొంతెత్తితే సరస్సులో చేపలు ఒడ్డుకొచ్చి వినేవని చెప్పుకునేవారు. చేపల సంగతికి పూచీ లేదు గాని, చివరి వరసలో చెవిటి ముసలమ్మలు కళ్ళొత్తుకోవడం మాత్రం ఊరంతా చూసింది. ఆ గొంతు రేడియోకెక్కింది, సినిమాకెక్కింది. ఇప్పుడు ఈ చిత్తడి నేలలో దిగబడింది. రెండు రోజులు కాలువ తవ్వితే కిలో మాంసానికి సరిపోయే కూలి, అదీ దుకాణంలో మాంసం ఉంటే.

దిగబడటానికి కారణం ఒక వేళాకోళం. గాస్పర్ చివరి సినిమాలో వీరుడి గుండెలో తూటా దిగుతుంది. దిగాక మొదలుపెడతాడు ఉపన్యాసం, ఆపడు. చిత్రీకరణ ముగిసిన సాయంత్రం మిత్రుడు రెమ్జీ ఇంట్లో రాకీ సారా తాగుతూ గాస్పర్ అన్నాడు: "ఈ వీరుడు చచ్చేలోగా మాంసం దుకాణం ముందు వరస కూడా కదులుతుందిరా!" రెమ్జీ పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి, గుండె మీద చెయ్యేసుకుని "బేసా అన్నా, ఈ మాట గది దాటదు" అన్నాడు. బేసా ఇచ్చాక ఇల్లు కూలినా కొడుకు పోయినా మాట తప్పడానికి లేదు.

నెల తిరక్కుండానే పార్టీ సంఘం ముందు ఆ వేళాకోళం అక్షరం పొల్లుపోకుండా వినిపించారు. సినిమాకి ఇంకా మాటలు పలకకముందే గాస్పర్‌కి ఈ చిత్తడి నేల శిక్ష పడింది. గాస్పర్ గోడల్ని అనుమానించాడు. పొయ్యిగొట్టాన్ని అనుమానించాడు. పక్కింటి దర్జీ భార్యను కూడా అనుమానించాడు, పాపం ఆవిడకి వినికిడే లేదు. రెమ్జీని మాత్రం అనుమానించలేదు. సామాను ఎక్కించిన లారీ దగ్గర అందరి ఎదుటా వాటేసుకుని ఏడ్చింది అతనొక్కడే మరి.

"ఒరే, పారలు దింపండి!" గట్టు మీంచి బ్రిగేడు నాయకుడు హైదర్ కేకేశాడు. "సినిమా లారీ వచ్చింది. గాస్పర్, నీ బొమ్మే!"

మొక్కజొన్నల కొట్టు కిటికీలకు గోనెసంచులు కట్టి, పట్టపగలే చీకటి చేశారు. గాస్పర్ పక్కన భార్య ద్రాండె కూర్చుంది. ఈ నీటి నేలకు వచ్చిన దగ్గర్నుంచి ఆమెను దగ్గు వదల్లేదు. తెరగా కట్టిన దుప్పటి మీద గాస్పర్ మొహం వెలిగింది. జనం చప్పట్లు కొట్టారు. మొహం నోరు తెరిచింది.

గొంతు అతనిది కాదు.

కొట్టంతా గుసగుసలు. సెల్మాన్ తాత లేచి నిలబడ్డాడు. "ఆపండయ్యా! పార ఊడితే మా గాస్పర్ తిట్టే గొంతు ఇది కాదు. ఈ పిల్లిగొంతు ఎవడిది?"

జనం గొల్లుమన్నారు. గాస్పర్ నవ్వలేదు. ఎక్కడ ఊపిరి పీల్చాలో, ఏ మాట ముందు ఒక్క క్షణం ఆగాలో తాను నేర్పిన కుర్రాడే పలుకుతున్నాడు. పెళ్ళిళ్ళలో తనను అనుకరించి నవ్వించే రెమ్జీ. గాస్పర్ మనసులోనే గోడలకు క్షమాపణ చెప్పుకున్నాడు, దర్జీ భార్యకు కూడా.

మొదటి రీలు అయిపోయి గోనెలు తొలగించేసరికి కొట్టు గుమ్మంలో రెమ్జీ నిలబడి ఉన్నాడు. కొత్త కోటు, మెరిసే బూట్లు. సినిమా లారీలోనే వచ్చాడట.

"ఇంటికి రా," అన్నాడు గాస్పర్. గడపదాకా వచ్చినవాడు శత్రువైనా కాఫీ ఇవ్వకుండా పంపరు.

గుడిసె కొట్టు పక్కనే. ద్రాండె దాచిపెట్టిన చారెడు పొడి తీసి కాఫీ పొయ్యి మీద పెట్టింది. రెమ్జీ కూర్చుంటూనే మొదలుపెట్టాడు.

"అన్నా, టిరానాలో కూడా ఇదే గోల. గాస్పర్ గొంతేదని హాల్లో ఈలలు వేశారు. పైవాళ్ళకి తలనొప్పి పట్టుకుంది. రేడియో వాళ్ళు రికార్డు చేసే పెట్టె తెచ్చారు. నువ్వు నాలుగు ముక్కలు చెప్పు చాలు. గొంతుకి జబ్బు చేసింది, నేనే రెమ్జీని పలకమన్నాను అని. నెల తిరక్కుండా నాటకశాలలో ఉంటావు. నీ గది, నీ అద్దం అలాగే ఉన్నాయి."

"నాకు గొంతు లేదని నా గొంతుతోనే చెప్పాలా?"

"వేళాకోళాలకి ఇది సమయం కాదన్నా. వదిన దగ్గు విను. ఇంకో చలికాలం ఇక్కడ తట్టుకుంటుందా?"

ద్రాండె కాఫీ గిన్నె మీంచి తలెత్తలేదు. "నా దగ్గుని నీ బేరంలోకి లాగకు మరిదీ," అంది. భర్త వైపు తిరిగి, "నువ్వూ దాన్ని లెక్కలో వేసుకోకు."

గాస్పర్ పొయ్యిలో పుల్ల ఎగదోశాడు. అద్దం గుర్తొచ్చింది. అద్దం చుట్టూ దీపాలు, తెర వెనక బూజు వాసన, చెవిటి ముసలమ్మలు. నోట్లో నీళ్ళూరినట్టయింది.

"ఒక్కటి చెప్పు రెమ్జీ. మాంసం దుకాణం మాట గది ఎలా దాటింది?"

రెమ్జీ తన బూట్లు చూసుకున్నాడు. "నాకు పిల్లలున్నారన్నా."

"తెలుసు. పెద్దాడి తొలి జుట్టు కత్తిరించింది నేనేగా. నువ్వు నన్ను బంధువుని చేసుకున్నావు ఆ రోజు."

ద్రాండె పళ్ళెం తెచ్చింది. గాస్పర్ కప్పు అందుకుని లేచాడు. ఎడమ కాలు పైకెత్తి, బురద ఎండిన ఆ మోకాలి కిందనుంచి చెయ్యి పోనిచ్చి కప్పు రెమ్జీకి అందించాడు.

వాళ్ళ కొండల్లో పరువు పోగొట్టుకున్నవాడికి కాఫీ అలాగే ఇస్తారు. రెమ్జీదీ ఆ కొండలే. తెలియనట్టు నటిద్దామని చూశాడు గాని, అది అనుకరణతో అయ్యే పని కాదు. చెయ్యి దానంతటదే చాచుకుంది, కప్పు అందుకుంది. పెదవుల దాకా మాత్రం వెళ్ళలేదు.

"గాస్పర్! తర్వాతి రీలు అవగానే మైకు ముందుకి రావాలి!" బయటినుంచి హైదర్ అరిచాడు.

"రాను!" అన్నాడు గాస్పర్.

కొట్టులో జనం తలలు తిప్పారు. "అదీ మా వాడి గొంతు!" అని సెల్మాన్ తాత కేక.

ఆ వెంటనే రీలు తిరిగింది. వీరుడి గుండెలో తూటా దిగింది. రెమ్జీ గొంతు గోడ దాటి గుడిసెలోకి వచ్చింది, మాతృభూమి అంటూ, ఇచ్చిన మాట అంటూ. గాస్పర్ ఊడొచ్చిన పారకర్రను ఒళ్ళో పెట్టుకుని, ఇనుములో మళ్ళీ పట్టేలా కత్తితో కొస చెక్కడం మొదలుపెట్టాడు. రెమ్జీ చేతిలో కాఫీ చల్లారి తెట్టు కట్టింది.

అవతల వీరుడింకా చావలేదు.