ముందుగది ఓనరు

ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. కాలరు దగ్గర మడత ఎంతకీ పోవడం లేదు, నీళ్లు చల్లి మళ్లీ రుద్దుతున్నాను. కోడలు పెట్టబోయే బట్టల వ్యాపారానికి లైసెన్సు కోసం ఆయన ఆఫీసుకి వెళ్తున్నారు. కోడలి పని మీద వెళ్లే మనిషి చొక్కా నేను ఇస్త్రీ చెయ్యాలి. ఇన్నేళ్ల కాపురంలో నా పని మీద ఈయన ఒక్కసారైనా ఇలా నలగని చొక్కా వేసుకుని ఏ ఆఫీసు మెట్లయినా ఎక్కారా అని ఆలోచిస్తూ నిలబడిపోయాను. వాసన వచ్చి చూస్తే వీపు కింది భాగంలో చొక్కా కొంచెం కమిలింది. కమిలిన చోటు లోపలికి పెట్టి మడిచి ఇచ్చేశాను. ప్యాంటులోకి దోపుకుంటే కనపడదు.

కోడలి మీద నాకు కోపం లేదు. ఉన్నది కుళ్లు. ఈ మాట ఎవరితోనైనా అంటే నోరు నొక్కుకుంటారు. అత్తగారికి కోడలి మీద కోపం ఉండొచ్చు, అధికారం ఉండొచ్చు, ప్రేమ కూడా ఉండొచ్చు. కుళ్లు మాత్రం సాటివాళ్ల మధ్య ఉండాల్సింది కదా. ఆ పిల్ల మంచిదే. ఒక పెద్ద కంపెనీలో బట్టల డిజైన్లు గీసే ఉద్యోగం వదిలేసి, సొంతంగా పెట్టుకుంటానంది. ఆఫీసులకి వెళ్లే ఆడవాళ్లకి గౌన్లు, చొక్కాలు కుట్టిస్తుంది, ప్రతిదానికీ రెండు లోతైన జేబులుంటాయి. అదీ తన ఆలోచన. మొదటి గౌను తెచ్చి చూపించినప్పుడు నేను దాన్ని తిరగేసి కుట్లు చూశాను. ఎక్కడైనా ముడత ఉంటుందేమోనని, దారం వదిలేసి ఉంటుందేమోనని వెతికాను. ఏమీ దొరకలేదు. జేబులో చెయ్యి పెడితే మణికట్టు దాకా దిగింది. నా జీవితమంతా తాళాలు చేతిలో పట్టుకుని, చిల్లర గుప్పిట్లో పట్టుకుని తిరిగాను. మిషను ముందు కూర్చుని ఎంతోమందికి కుట్టాను గానీ నాకొక జేబు కుట్టుకోవాలని ఎందుకు తోచలేదో. "బాగుంది" అన్నాను.

అవును, నేనూ కుట్టేదాన్ని. మా వాడు బడికెళ్లే రోజుల్లో వీధిలో పిల్లలందరి గౌన్లూ నా మిషను మీదే కుట్టాను. పెద్ద బజారులో బట్టల కొట్టాయన ఒక పిల్ల ఒంటిమీద నా గౌను చూసి ఇంటికొచ్చాడు. ఎన్ని కుడితే అన్నీ తీసుకుంటానన్నాడు. కాకపోతే బిల్లు ఇవ్వాలి, అందుకని నా పేరు మీద షాపు రిజిస్టరు చేయించుకోమన్నాడు. ఆ రోజు భోజనం వడ్డిస్తూ ఈయనకి చెప్పాను. "ఆఫీసుల చుట్టూ తిరగడమంటే మాటలనుకున్నావా? చూద్దాంలే" అన్నారు. తర్వాత అడిగితే వాడి పరీక్షలు కానీ అన్నారు. పరీక్షలయ్యాక మా అత్తగారి కంటి ఆపరేషను. ఆవిడైతే, "ఆ మిషను చప్పుడుకే నా తల పగిలిపోతోంది, దానికి గవర్నమెంటు పర్మిషను కూడానా" అని వచ్చిపోయేవాళ్లందరికీ చెప్పి నవ్వించేది. నేనూ నవ్వేదాన్ని. కొట్టాయన కొన్నాళ్లు చూసి ఇంకెవరినో వెతుక్కున్నాడు. మిషను అటకెక్కింది.

అప్పుడు చూద్దాంలే అన్న ఈయనే ఇప్పుడు రిటైరయ్యాక డైనింగు టేబులు దగ్గర కోడలికి పాఠం చెబుతున్నారు. ముందు వ్యాపారం రిజిస్ట్రేషను, తర్వాత పన్ను నంబరు, ఆ తర్వాత ట్రేడ్ లైసెన్సు, ఈలోగా పేరు వేరేవాళ్లు ఎత్తుకుపోకుండా ట్రేడ్‌మార్కుకి దరఖాస్తు. వరసలో పోతే ఎక్కడా ఆగదట. ఆఫీసు పనులంటే భయపడకూడదట. సింకు దగ్గర గిన్నెలు తోముతూ అన్నీ విన్నాను. ఈ వరస ఈయనకి ఎప్పటినుంచి తెలుసు? ఈయన చేసింది ఉద్యోగమే కదా, ఆఫీసులోనే కదా జుట్టు నెరిసింది. అంటే అప్పుడూ తెలుసన్నమాట. మా వాడు టీ కాచి పెళ్లాం ముందు పెట్టాడు. కప్పు కింద సాసరు కూడా పెట్టాడు. వాడికి సాసర్లు ఎక్కడుంటాయో తెలుసని నాకు ఆ రోజే తెలిసింది. పీచుతో రుద్దీ రుద్దీ గిన్నెకి గీతలు పడేలా తోమాను.

అలాంటి సమయంలో ఆ కాగితం నా ముందుకొచ్చింది. వ్యాపారం మా ముందుగదిలో పెడుతున్నారు. ఇల్లేమో నా పేరు మీద ఉంది. ఆడవాళ్ల పేరైతే రిజిస్ట్రేషను ఖర్చు తగ్గుతుందని అప్పట్లో ఈయనే అలా చేయించారు. ఇల్లు నాదని నాకెప్పుడూ అనిపించలేదు, కరెంటు బిల్లు మీద నా పేరు చూసినా ఎవరిదో అనిపించేది. ఇప్పుడు లైసెన్సు రావాలంటే స్థలం ఓనరు తనకి అభ్యంతరం లేదని సంతకం పెట్టాలి. ఆయన కాగితం బల్ల మీద పెట్టి, పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టి, "ఇక్కడ సంతకం చెయ్యి" అన్నారు. అదేమిటో చెప్పలేదు. కళ్లజోడు కనపడటం లేదన్నాను. కళ్లజోడు నా తలమీదే ఉంది. ఆయన నా వైపు చూడలేదు గనక తెలియలేదు.

మర్నాడు తలనొప్పి అన్నాను. ఆ మర్నాడు చదివి పెడతానన్నాను. అబద్ధమెందుకు, నాకు ఎంతో హాయిగా ఉంది. ఆయన విసుక్కుంటూ ఇంట్లో అటూ ఇటూ తిరుగుతున్నారు, మా వాడు "అమ్మా, అదొక్కటే మిగిలిందే" అని బతిమాలుతున్నాడు. ఇంటిల్లిపాదీ నా కోసం ఆగడం నా జన్మలో అదే మొదటిసారి. కోడలు మాత్రం బతిమాలలేదు. వంటింట్లోకి వచ్చి, నేను తుడుస్తున్న పళ్లేలు అందుకుని అరలో పెడుతూ, "అత్తయ్యా, మీకు ఇష్టం లేకపోతే చెప్పెయ్యండి. నేనేమీ అనుకోను. బయట వేరే గది చూసుకుంటాను" అంది. నిష్ఠూరం లేదు. మామూలుగా అంది. నా కుళ్లు ఇంకా పెరిగింది. ఈ పిల్లకి వెళ్లడానికి వేరే గది కూడా ఉంది.

ఆదివారం అందరం భోజనాలకి కూర్చున్నాం. ఆయన గొంతు సవరించుకుని కొత్త సంగతి చెప్పారు. కోడలి గుర్తింపు కార్డులో ఇంకా పుట్టింటి ఇంటిపేరు, పాత అడ్రసు ఉన్నాయట. అవన్నీ మార్పించాలంటే నెలలు పడుతుందట. అబ్బాయి కాగితాలన్నీ సిద్ధంగా ఉన్నాయి కాబట్టి యజమానిగా వాడి పేరు పెట్టేస్తే లేటనేదే ఉండదట. "పేరులో ఏముందమ్మాయ్, చేసేది నువ్వే కదా. ఇంట్లో ఎవరి పేరైతే ఏంటి" అన్నారు, ఎంతో ప్రేమగా. మా వాడు తలెత్తలేదు. పళ్లెంలో ఏదో ఏరుతున్నాడు. అంటే వాడికి ముందే తెలుసు.

ఒక్క క్షణం నాకు సంతోషమేసింది. దాచను. హమ్మయ్య, నువ్వు కూడానా, రా, వచ్చి నా పక్కన కూర్చో అనిపించింది. కోడలు మంచినీళ్లు తాగింది. సగం తిన్న పళ్లెం పక్కకి జరిపి, "సరే మామయ్యా, మీకు ఎలా వీలైతే అలా" అని లేచింది. ఇంకా ఎవరి భోజనమూ పూర్తి కాలేదు. అయినా ఖాళీ గిన్నెలు ఒకదానిలో ఒకటి పెట్టుకుంటూ, మూతలు ఏరుకుంటూ, బల్ల మీద లేని మెతుకులు తుడుస్తోంది. ఆ తుడవడం నాకు తెలుసు. మొహం ఎవరికీ కనపడకూడదనుకున్నప్పుడు ఆడది చేసే పని అది. కొట్టాయన సంగతి చెప్పిన రోజు నేనూ ఈ బల్లని అలాగే తుడిచాను. ఆ పిల్లని చూస్తూ కూర్చుంటే, నాకు వచ్చిన సంతోషం మీద నాకే రోత పుట్టింది.

"యజమానిగా దాని పేరుంటేనే సంతకం పెడతాను" అన్నాను.

ఆయన అన్నం కలపడం ఆపారు. "నీకు తెలియదు, ఊరుకో. లేటవుతుంది."

"అవనివ్వండి. లేటవడం నాకు అలవాటే."

"ఇన్నాళ్లూ లేటు చేసింది నువ్వు కాదూ?"

"ఔను, నేనే" అన్నాను. ఆయన కాసేపు నా మొహంలోకి చూశారు. ఈసారి నిజంగానే చూశారు. కోడలు తడిగుడ్డ చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది.

మర్నాడు నేనూ కోడలూ ఇద్దరమే ఆఫీసుకి వెళ్లాం. కౌంటరులో ఒకావిడ కూర్చుని ఉంది, నా కంటే కొంచెం చిన్నది. కోడలు పాత కార్డు, పెళ్లి సర్టిఫికెట్టు ముందుపెట్టి, పేరు మార్పించడానికి ఎన్నాళ్లు పడుతుందని భయంభయంగా అడిగింది. ఆవిడ రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. కార్డు మార్చక్కర్లేదని, ఈ రెండు పేర్లూ తనవేనని కోడలు ఒక కాగితం మీద రాసి సంతకం పెడితే చాలని, కూర్చోమని చెప్పింది. మేము బెంచీ మీద కూర్చున్నాం. ఆవిడ టైపు చేసింది, ముద్ర వేసింది, రసీదు ఇచ్చింది. అంతే. నాకు ఏడుపొచ్చింది. ఏళ్ల తరబడి నేను కొండ అనుకుని తలవంచుకున్నది ఇదా? ఒక బెంచీ, ఒక ముద్ర. కోడలు నా చెయ్యి పట్టుకుంది. విడిపించుకున్నాను. ఆ క్షణంలో దాని చేతి వెచ్చదనం కూడా ఓర్వలేకపోయాను.

అప్పుడు కౌంటరావిడ నన్ను పిలిచింది. "స్థలం ఓనరు మీరేనా? గది ఈవిడకి ఊరికే ఇస్తున్నారా, అద్దెకా?"

కోడలు నోరు తెరిచింది. ఊరికే అనే చెప్పబోతోంది. ఇంట్లో అందరూ అలాగే అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను, ఆవిడ ఆ ప్రశ్న అడిగేదాకా.

"అద్దెకి" అన్నాను.

కోడలు గిర్రున నా వైపు తిరిగింది. ముందు మొహం చిన్నబోయింది. తర్వాత కళ్లు చిన్నవి చేసి నన్ను ఎగాదిగా చూసింది. ఇంట్లో అత్తయ్యని చూసే చూపు కాదది. "ఎంత అత్తయ్యా?" అంది నెమ్మదిగా.

"బయట మాట్లాడుకుందాం" అన్నాను. ఓనరు అని రాసిన చోట సంతకం పెట్టాను.

ఆఫీసు ఎదురుగా టీ కొట్టు ముందు కూర్చుని మాట్లాడుకున్నాం. తగ్గించమని తను, తగ్గనని నేను. మొదటి ఆర్నెల్లు వదిలెయ్యమంది. మొదటి నెల మాత్రం వదిలేస్తానన్నాను. ఈయన ఫోను చేస్తూనే ఉన్నారు, ఒకసారి నాకు, ఒకసారి దానికి. ఇద్దరం ఎత్తలేదు. ఆ పిల్లంటే నాకు ఇప్పటికీ కుళ్లే. కాకపోతే అది ఇప్పుడు సాటి వ్యాపారస్తురాలి మీద కుళ్లు.