మోటారుకు పెట్టిన బొట్టు

కేసముద్రం చుట్టుపక్కల ఏ బావి మీద ఆయిల్ ఇంజన్ మొరాయించినా విద్యాసాగర్ రావాల్సిందే. అరవైతొమ్మిది తెలంగాణ గొడవల్లో కాలేజీ మూతపడి చదువు అటకెక్కితే, పటేళ్ల ఇంటి పిల్లవాడై ఉండీ నామోషీ పడకుండా పానా పట్టాడు. పదహారేళ్లలో ఎంత పేరొచ్చిందంటే, గట్టు మీద నిలబడి ఇంజన్ చప్పుడు విని దాని జబ్బేమిటో చెప్పేవాడు. అబద్ధమెందుకు, నిజంగానే చెప్పేవాడు. కాకపోతే ఆ మాట పదిమంది నోటా విని విని తల కాస్త పైకి లేచింది, మళ్లీ దించడం మరిచిపోయాడు.

అంతలో ఊళ్లకు కరెంటు వచ్చింది. రైతులు ఇంజన్లు పీకి మోటార్లు పెట్టుకున్నారు. ఆయన దగ్గరే పని నేర్చిన తుల్సీరాం వరంగల్లు పోయి మోటార్ల పని కూడా నేర్చుకుని వచ్చి, స్టేషన్ పక్కన సొంత షాపు తెరిచాడు. గురువు మీద గౌరవంతో ఒకరోజు వచ్చి మూడు తీగల కరెంటు సంగతి ఏదో చెప్పబోతే, తీగలు చుట్టే ముచ్చట్లు నాకెందుకని సాగర్ నవ్వి పంపేశాడు. ఎనభై అయిదు ఎండాకాలానికి ఆయన షాపుకు నెలకు రెండు ఇంజన్లు వస్తే గొప్ప.

అలాంటి రోజుల్లో తండా నుంచి దస్రు వచ్చాడు. రెండెకరాల వరి పొట్ట మీద ఉంది. మూడు రోజుల కింద గాలిదుమారానికి స్తంభం నుంచి బావికి వచ్చే తీగలు తెగిపడితే కరెంటోళ్లు అతికించి పోయారు. అప్పటి నుంచి మోటారు తిరుగుతోంది గానీ నీళ్లు వేలెడంత ధార కూడా రావడం లేదు. తుల్సీరాం పెళ్లికని మహబూబాబాద్ పోయాడట, రేపు సాయంత్రం గానీ రాడట. అంటే తను రెండో దిక్కన్నమాట. సాగర్‌కు మనసు చివుక్కుమంది. ఈ ఒక్క మోటారు బాగుచేసి చూపిస్తే పోయిన రైతులంతా తిరిగొస్తారన్న ఆశ మాత్రం దాన్ని మించింది. పానాల సంచీ భుజాన వేసుకున్నాడు.

ఆ తండాకు పొద్దున ఆరు నుంచి పది దాకే మోటార్లు తిరిగే కరెంటు. ఆలోపల ఏం చేసినా చేయాలి. సాగర్ చెవి వొగ్గి విన్నాడు, పైపు తట్టి చూశాడు. బావి అడుగున పైపు కొసకుండే ఫుట్‌వాల్వు పోయిందని తేల్చేశాడు. స్టార్టర్ డబ్బా పక్కన కూర్చున్న దస్రు భార్య జమ్లీ తన భాషలో మొగుడితో ఏదో అంది. దస్రు నసిగాడు. ఏమంటున్నదని సాగర్ గద్దిస్తే చెప్పాడు.

"మోటరు ఉల్టా తిరుగుతున్నదంటాంది పటేలా."

సాగర్ పకపకా నవ్వాడు. "పదహారేండ్ల సంది ఇంజన్లు ఇప్పుతున్న. ఉల్టా తిరిగే ఇంజన్‌ను ఏడనన్న సూసినవా దస్రూ?"

జమ్లీ కొంగు సర్దుకుని ఊరుకుంది. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు మరి. ఆయన చూసిన ఆయిల్ ఇంజన్లన్నీ పుట్టిన దగ్గర్నుంచీ ఒక్క వైపే తిరిగాయి. ఎటు తిరుగుతోందని అడగాల్సిన అవసరమే ఆయన బతుకులో రాలేదు. అదే కొంప ముంచింది.

నలుగురు మనుషులు పట్టి పైపులు పైకి లాగేసరికి ఆనాటి కరెంటు పోయింది. వాల్వుకు కొత్త తోలు వేసి, పైపులు మళ్లీ దింపించి, రేపు పొద్దున్నే మడులు నిండుతాయని దస్రుకు ధైర్యం చెప్పి వెళ్లాడు. దస్రు ఆ పగలంతా పైమడి గట్టు మీదే కూర్చున్నాడు. మడిలో నేల వేలు పట్టేంత బీటలు వారింది.

మర్నాడు ఆరింటికి మోటారు వేశారు. అదే ధార.  సాగర్ పంపు విప్పి, నీళ్లు కారకుండా లోపల ఇరుసుకు చుట్టే తాడు మార్చాడు, మళ్లీ నీళ్లు పోసి నింపాడు, మళ్లీ వేశాడు. ఎనిమిదయింది. బోల్టులన్నీ బిగించాడు. తొమ్మిదయింది. పక్క బావుల వాళ్లు ముగ్గురు గట్టెక్కి చూస్తున్నారు. 

దస్రు చేతులు నలుపుకుంటూ దగ్గరికొచ్చాడు. తుల్సీరాం మాపటికి వస్తాడేమో, కబురు పెట్టమంటావా అన్నాడు. మాపటికి కరెంటు ఉండదని ఇద్దరికీ తెలుసు. ఇంకో రోజు నీళ్లు లేకుంటే పొట్టలో ఉన్నదంతా తాలు అవుతుంది. మడికి అంత గడువు లేదు.

 సాగర్‌కు తెలిసిందంతా అయిపోయింది. మోటారు లోపల కాలిపోయిందని ఒక్క మాట అంటే చాలు, పరువు దక్కుతుంది. తండా మొత్తంలో కాదనేవాడు లేడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు ఆయన చూపు జమ్లీ మీద పడింది. నిన్నటి నుంచి ఆమె నోరు విప్పలేదు. అక్కడే, స్టార్టర్ పక్కనే కూర్చుని మోటారునే చూస్తోంది.

ఆయన పానా కింద పెట్టి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"నిన్న ఏమన్నవక్కా? మళ్ల చెప్పు."

ఆమె మొగుడి వంక చూసింది.

"ఆయనను కాదు, నన్ను జూసి చెప్పు. ఉల్టా అని ఎట్ల తెలిసింది నీకు?"

జమ్లీ మోటారుకూ పంపుకూ నడుమనున్న ఇరుసును చూపించింది. మోటారు కొన్న నాటి నుంచి ప్రతి మంగళవారం దానికి నూనెలో తడిపిన కుంకుమతో బొట్టు పెడుతోంది.

"తిరిగేటప్పుడు బొట్టు కండ్లకు ఆనదు పటేలా. ఆగేటప్పుడు మెల్లగ అవుపడ్తది. ఇదివరకు పైకెల్లి బాయి దిక్కు పొయ్యేది. గాలి వచ్చినకాన్నుంచి మడి దిక్కు పోతాంది." కాస్త ఆగి మళ్లీ అంది. "మీరంత చాలూ జేసేటప్పుడే సూస్తరు. బందు జేసేది నేను."

సాగర్ మోటారు వేయించి ఆపమన్నాడు. ఇరుసు పక్కన తల వంచి, చెవి పెట్టకుండా కళ్లు పెట్టాడు. వేగం తగ్గేకొద్దీ ఎర్రటి మచ్చ పైకి వచ్చి, మడి వైపే జారి ఆగింది.

 ఆ రోజు తుల్సీరాం చెప్పబోయిందేమిటో ఇప్పుడు గుర్తొచ్చింది. మూడు తీగల్లో ఏ రెండు తారుమారైనా మోటారు ఉల్టా తిరుగుతుందని వాడు మొదలుపెట్టగానే తను నవ్వాడు. తెగిన తీగలు అతికించినప్పుడు అవి మారిపోయాయి. సాగర్ స్తంభం దగ్గర ఫ్యూజులు పీకించి, స్టార్టర్ విప్పి రెండు తీగలను ఒకదాని చోట ఒకటి మార్చాడు. స్క్రూలు బిగించేసరికి తొమ్మిదిన్నర దాటింది.

జమ్లీ బటన్ నొక్కింది. పైపు ఒక్కసారి దగ్గి, నిండుగా నీళ్లు కక్కింది. గట్టు మీద వాళ్లు కాలువకు అడ్డం తీయడానికి ఉరికారు.

దస్రు కళ్లనీళ్లు పెట్టుకుని సాగర్ చేతులు పట్టుకున్నాడు. మా సాగర్ పటేలు ఉండంగ మాకేం ఫికరు అని పక్క బావుల వాళ్లకు వినబడేలా అరిచాడు. రెండు రోజులుగా సాగర్ ఎదురుచూసిన మాట అదే. ఊఁ అని ఊరుకుంటే రేపటికి ఇరవై ఊళ్లకు పాకేది. అప్పుడే పైమడి కళ్లబడింది. నీళ్లు బీటల్లోకి దిగుతున్నాయి గానీ పైరు ఆకులు తెల్లబడి చుట్టుకుపోయాయి. ఆ మడి ఇక లేవదు.

"నేను చేసిందేం లేదు దస్రూ," అన్నాడు, గట్టు మీది వాళ్లకు కూడా వినిపించేలా. "నిన్న పొద్దుగాలనే మీ ఇంటామె చెప్పింది. నేను నవ్విన. నిన్ననే ఇని ఉంటె పైమడి బతికేది. దాన్ని ఎండవెట్టింది నేనే."

 దస్రు పట్టుకున్న చేతులు మెల్లగా వదిలేశాడు.  సాగర్ తల తిప్పుకోలేదు.

పది కావడానికి ఇంకా పావుగంట ఉంది. సంచీలో పానాలు సర్దుకోవాల్సిన మనిషి వెళ్లి జమ్లీ పక్కన నేల మీద చతికిలబడ్డాడు.

"అక్కా," అన్నాడు, "ఈ మోటరుల ఇంకేమేం సూసినవో చెప్పు. నవ్వను."